రుచి చూడని పరీక్ష

మోటార్లు చుట్టే మేస్త్రీకి బావమరిది మీద కోపం ఉంది. పొయ్యిలో నిప్పులాంటి కోపమైతే ఎప్పుడో ఆరిపోయేది. ఇది బావిలో పడ్డ ఇనుము లాంటిది. పైకి కనిపించదు, నీళ్ళకి తుప్పు మాత్రం దిగుతూనే ఉంటుంది.

కారణం చిన్నదేం కాదు. మేస్త్రీ భార్య మంచాన పడి, నెలల తరబడి తీసుకుని తీసుకుని చనిపోయింది. ఉన్నన్నాళ్ళూ తమ్ముడేడీ అని అడిగింది. ఆ తమ్ముడు రైలెక్కి రావలసినవాడేం కాదు. అవతలి వీధి చివర సెలూన్ నడుపుతున్నాడు. అయినా రాలేదు. అంతా అయిపోయాక వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మేస్త్రీ ఆ రోజు ఒక్క మాట అనలేదు. ఆ తర్వాతా అనలేదు. అనవలసిన మాటని దాచుకుంటే దానికి వడ్డీ పెరుగుతుందనుకునే మనుషులు కొందరుంటారు.

అలాంటి బావమరిది ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం మేస్త్రీ వర్క్‌షాపుకి వస్తాడు. ఆట ఆడటానికి.

ఆ ఆట మేస్త్రీ భార్య తెచ్చింది. ఆమె గ్రంథాలయంలో పిల్లల విభాగం చూసేది. అక్కడి పిల్లల దగ్గర నేర్చుకుని ఇంటికి పట్టుకొచ్చింది. రాజ్యాలు, రాక్షసులు, మంత్రాలు, అన్నీ మాటల్లోనే. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఏం చేస్తామో నోటితో చెబుతారు. అది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఎక్కువ పడితే నెగ్గినట్టు, తక్కువ పడితే బెడిసినట్టు. మొదట్లో మేస్త్రీ నవ్వాడు. "గడ్డాలొచ్చినవాళ్ళు ఆడే బొమ్మలాట" అన్నాడు. మూడో ఆదివారానికి తనే కాలిపోయిన మోటార్లలోంచి తీసిన రాగి తీగ మెలిపెట్టి అందరికీ బొమ్మలు చేసిచ్చాడు.

బల్ల చుట్టూ నలుగురే. పక్కింటి లెక్కల టీచరు రిటైరై చాలాకాలమైంది. చీమని కూడా ఊదుతుందే తప్ప నలపదు. ఆమె పాత్ర మాత్రం గొడ్డలి పట్టిన రాక్షసి. మేస్త్రీ కూతురు బస్ డిపోలో టిక్కెట్ల కౌంటర్లో కూర్చుంటుంది. ఆమెది అబద్ధం ఆడలేని మంత్రగత్తె. బావమరిది ఒక దొంగ. ఆ దొంగ ఏ గదిలోకి వెళ్ళినా ముందు కిటికీ ఎక్కడుందో చూసుకుంటాడు. ఎక్కడా నిలవడు. మేస్త్రీది ఒకప్పుడు రాతిమనిషి. కోట గుమ్మం దగ్గర నిలబడి కదలని కాపలావాడు. అప్పట్లో కథ నడిపేది అతని భార్య.

ఆమె కథ ఒక కొండ మొదట్లో ఆగిపోయింది. కొండకి రాతి తలుపు ఉంది. ఒక్కొక్కరూ విడిగా తమ పరీక్ష నెగ్గితేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఆ పరీక్షలేవో చెప్పకుండానే ఆమె మంచం ఎక్కింది.

తర్వాత చాలాకాలం ఆ బల్ల మీద మోటార్లలోంచి విప్పిన కాలిన స్టేటర్లే ఉన్నాయి. ఒకరోజు కూతురు వాటిని కిందికి దించి, బల్ల తుడిచి, పాచికల డబ్బా నడిమధ్య పెట్టింది. "నువ్వు నడుపు నాన్నా" అంది.

"నాకు కథలు రావు."

"పరీక్షలు రాయడానికి కథలు రానక్కర్లేదు. మనుషులు తెలిస్తే చాలు."

మనుషులు తెలుసు మేస్త్రీకి. అదే చిక్కు.

పరీక్ష రాయడం మోటారు చుట్టడంలాంటిదేనని పని మొదలెట్టాక తెలిసింది. గాడికి తగ్గ తీగ పడాలి. సన్నమైతే కాలుతుంది, లావైతే ఎక్కదు. టీచరు రాక్షసికి యుద్ధం పెడితే ఏం ప్రయోజనం? గొడ్డలి ఎత్తుతుంది, దించుతుంది, అయిపోతుంది. అందుకని ఆ రాక్షసికి ఒక తాళ్ళ వంతెన రాశాడు. వంతెన నడిమధ్య ఒక చంటిపిల్ల నిద్రపోతోంది. అడుగు వేస్తే వంతెన ఊగుతుంది. దేన్నీ కొట్టకూడదు, ఎవరినీ పిలవకూడదు. పిల్ల తనంతట తను లేచేదాకా కూర్చోవాలి. గొడ్డలి పక్కన పెట్టి కూర్చోవడం ఆ రాక్షసి జన్మలో చేయని పని.

రాసినదాన్ని రుచి చూడాలి. అది భార్య పెట్టిన పద్ధతి. వండినవాడు ముందు తిన్నాకే వడ్డించాలనేది. అంటే పరీక్ష రాసినవాడు తన పాత్రతో దానికి కూర్చోవాలి, ఇంకొకరు కాగితం పట్టుకుని నడపాలి. వంతెన పరీక్షని కూతురు నడిపింది. రాతిమనిషి సుఖంగా కూర్చున్నాడు, కూర్చోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. కూతురి పరీక్షని టీచరు నడిపింది. అది ఒక రాజసభ, సభలో ప్రతివాడూ తను పాడిన పాట ఎలా ఉందని మంత్రగత్తెని అడుగుతాడు. టీచరు ఒక్కో గాయకుడికీ ఒక్కో గొంతు పెట్టి పాడేసరికి రాతిమనిషి ఒట్టిపుణ్యానికి నాలుగు అబద్ధాలాడి ఓడిపోయాడు. ఓడినా కథ ఆగలేదు. ఓడినవాడికి కూడా ఒక తలుపుండాలని మేస్త్రీ భార్య ఎప్పుడూ అనేది. అబద్ధాలాడినవాణ్ణి రాజు ఆస్థాన గాయకుణ్ణి చేసి వెనకదారిన కొండలోకి పంపేశాడు.

ఇక మిగిలింది దొంగ.

ఆ పరీక్షని మేస్త్రీ అందరికంటే ముందే రాశాడు. నిజానికి బల్ల తుడవకముందే అది అతని బుర్రలో ఉంది. ఒక గది. కిటికీలో దీపం. మంచం మీద ఒక ఆడమనిషి. దాహమంటుంది. మూల కుండ ఉంది. దొంగ కుండ దగ్గరికి వెళ్తే అది ఖాళీ. నీళ్ళకోసం బయటికి పోదామంటే తలుపు లేదు, కిటికీ ఇనుప ఊచలది. పాచిక ఎంత పడినా సరే, కుండ ఖాళీయే. ఆమె మళ్ళీ అడుగుతుంది. అడిగి అడిగి చివరికి అడగడం మానేస్తుంది. అంతే.

దాన్ని చాలాసార్లు దిద్దాడు. ఒక్క సందు లేకుండా దిద్దాడు. గాడి గాడికీ కాగితం వేసి, తీగ బిగించి, చివర్లు దారంతో కట్టి, వార్నిష్‌లో ముంచి తీసినట్టుంది పని. దాంట్లో దొంగకి సంబంధించినది ఒక్క ముక్క లేదని అతనికి తెలుసు. తెలిసే రాశాడు. ఇన్నాళ్ళూ కిటికీలు చూసుకుని పారిపోయినవాణ్ణి ఒక్క మధ్యాహ్నం ఆ గదిలో కూర్చోబెట్టాలి. అందరి ముందూ. అంతకుమించి ఈ లోకంలో అతనికి కావలసింది ఏమీ లేదు.

శనివారం సాయంత్రం డిపో నించి వచ్చిన కూతురు ఆ కాగితం చూసింది. నిలబడే చదివింది.

"దీన్ని రుచి చూశావా నాన్నా?"

"చూశాను."

"ఎవరు నడిపారు?"

మేస్త్రీ సోల్డరింగ్ కడ్డీ తుడవసాగాడు. తుడవాల్సిన అవసరం దానికి లేదు.

"నాతో కాదు, టీచరుగారితో కాదు. ఇంకెవరున్నారు? గోడకున్న కేలెండరా?"

"నువ్వు నీ పరీక్ష చూసుకో."

"మామయ్యకి అమ్మ వైపు మిగిలింది మనమే. మనకి మిగిలింది మామయ్యే. రేపు లేచి వెళ్ళిపోతే మళ్ళీ ఈ గడప తొక్కడు. నీకు అదే కావాలంటే కాగితం ఎందుకు, మొహాన చెప్పు. అమ్మ ఆటని అడ్డం పెట్టుకోకు."

"మీ అమ్మ అడిగినప్పుడు రానివాడు..."

"తెలుసు. నేనూ ఇంట్లోనే ఉన్నాను కదా."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. మేస్త్రీ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మార్చలేదు.

ఆదివారం వర్క్‌షాపు షట్టరు సగానికి దించి, బల్ల మీద అట్ట పరిచారు. బావమరిది ఎప్పటిలాగే ముందుగా వచ్చాడు, ఎప్పటిలాగే మేస్త్రీ తలకేసి చూశాడు.

"బావా, చెవుల మీద ఆ జుట్టేమిటి, పిచ్చుకలకి అద్దెకిచ్చావా? ఓసారి షాపుకి రా."

"నా జుట్టు సంగతి నాకు తెలుసు."

"తెలిసినట్టు లేదు. అమ్మాయ్, మీ నాన్నకి అద్దం చూపిస్తున్నావా?"

"అద్దాలన్నీ నీ షాపులోనే ఉన్నాయి కదా మామయ్యా."

టీచరు పరీక్ష ముందు అయింది. రాక్షసి వంతెన మీద కూర్చుంది. టీచరు కళ్ళద్దాలు తీసి పెట్టి, పిల్ల లేచిందా అని గడియగడియకీ అడిగింది. లేవలేదన్నాడు మేస్త్రీ. "పోనీ చిన్నగా దగ్గనా?" అంది. దగ్గితే పాచిక వెయ్యాలన్నాడు. "నలభై పిల్లలున్న క్లాసుని కంటిచూపుతో కూర్చోబెట్టాను. ఒక్క పిల్లని లేపలేకపోతున్నాను మేస్త్రీగారూ, ఇదేం ఖర్మ" అంది. చివరికి పిల్ల తనే లేచి రాక్షసి వేలు పట్టుకుంది. టీచరు నిజంగానే సిగ్గుపడి టీ తాగింది. కూతురు తన రాజసభలో ఒక్క అబద్ధమూ ఆడకుండా, రాజుగారి పాటకి మాత్రం దగ్గు తెచ్చుకుని గట్టెక్కింది. బావమరిది బల్ల మీద కొట్టి కొట్టి నవ్వాడు.

తర్వాత తన తీగబొమ్మని ముందుకు జరిపాడు. సన్నటి తీగ, ఒక కాలు ఎప్పుడూ గాల్లోనే. "మా దొంగగాడి వంతు. ఏం వండావు బావా?"

మేస్త్రీ జేబులోంచి కాగితం తీశాడు.

బావమరిది దాన్ని చూశాడు, మేనకోడల్ని చూశాడు. ఆమె పాచికల్ని ఒక్కొక్కటే డబ్బాలో వేస్తోంది. మనిషి మొహం చూసి చెంప మీద గాటు ఎక్కడుందో చెప్పేవాడికి ఇంట్లో గాలి మారితే తెలియదా?

"రుచి చూశావా?" అన్నాడు.

నిన్న కూతురితో చెప్పిన అబద్ధం నాలుక చివరికి వచ్చింది. కానీ ఇది బల్ల. భార్య ఆట పరిచిన బల్ల. ఈ బల్ల దగ్గర పాచిక ఒకటి పడితే ఒకటి పడిందనే చెబుతారు.

"లేదు."

"రెండిటికీ చూసి దీనికి చూడలేదా?" టీచరు అడిగింది. "వీడిదేమన్నా సవతిబిడ్డ పరీక్షా?"

"అయితే కూర్చో బావా. అక్క పద్ధతి. నేను నడుపుతాను."

"ఎవరి పరీక్ష వాళ్ళు నడపకూడదు" అన్నాడు మేస్త్రీ.

"రుచి చూడకుండా వడ్డించకూడదన్నది అంతకంటే పాత మాట. చుట్టిన మోటారుకి సీరీస్ బల్బు పెట్టి చూడకుండా నువ్వెప్పుడైనా ఇచ్చావా? ఇనుముకి పెట్టే బల్బు మనిషికి పెట్టవా?"

మేస్త్రీ గోడకున్న మేకు మీంచి రాతిమనిషిని తీసి అట్ట మీద నిలబెట్టాడు. లావు తీగ, రెండు కాళ్ళూ నేల మీదే. కాగితం బల్ల మీదుగా అవతలికి జరిపాడు. జరిపేటప్పుడు, ఇదీ ఒకందుకు మంచిదే అనుకున్నాడు. తన నోటితో చెప్పక్కర్లేదు. వాడే చదువుకుంటాడు.

బావమరిది గొంతు సవరించుకుని, పెళ్ళిళ్ళలో పేర్లు చదివేవాడిలా మొదలుపెట్టాడు. "ఒక గది. రాతిమనిషి కళ్ళు తెరిచేసరికి గదిలో ఉన్నాడు. కిటికీలో దీపం. గోడవారగా మంచం. మంచం మీద ఒక ఆడమనిషి..."

ఆగాడు. కళ్ళు కాగితం కింది దాకా వెళ్ళి, మళ్ళీ పైకి వచ్చాయి. టీచరు కప్పు కింద పెట్టింది. కూతురు పాచికల డబ్బా మూత బిగించి, మళ్ళీ తీసింది. లేచిపోతాడనుకుంది. మేస్త్రీ కూడా అదే అనుకున్నాడు.

బావమరిది లేవలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఈసారి గొంతులో పెళ్ళీ లేదు, వేషం లేదు. రేట్ల బోర్డు చదివినట్టు చదివాడు.

"దాహం, అంటోంది."

"కుండ దగ్గరికి వెళ్తాను" అన్నాడు మేస్త్రీ.

"పాచిక వెయ్యి."

పందొమ్మిది పడింది.

"కుండ ఖాళీ."

"పందొమ్మిదికా?" అంది టీచరు.

"కాగితంలో అలాగే ఉంది. ఎంత పడినా ఖాళీయే."

"అయితే పాచిక దేనికి? అలంకారానికా? ఇది లెక్క కాదు మేస్త్రీగారూ."

మేస్త్రీ ఆ మాట విననట్టు చెప్పాడు. "గోడ పగలగొడతాను. రాతిమనిషిని."

"పాచిక వెయ్యి... పదహారు పడింది. గోడ పగలలేదు. ఆమె మళ్ళీ అడుగుతోంది."

"కిటికీ ఊచలు వంచుతాను."

"వంగవు. ఆమె అడుగుతోంది."

"అరుస్తాను. ఎవరినైనా పిలుస్తాను."

బావమరిది కాగితం మీంచి తల ఎత్తలేదు. "పిలిస్తే ఎవరూ రారు అని రాసుంది."

వర్క్‌షాపులో వార్నిష్ వాసన. షట్టరు కింద వీధిలో ఎవరో సైకిలు నడిపించుకుంటూ పోతున్నారు. మేస్త్రీ తన బొమ్మకేసి చూశాడు. ఈ గదిలో సందు లేదని అందరికంటే అతనికే బాగా తెలుసు. సందులన్నీ తనే పూడ్చాడు.

"మంచం పక్కన కూర్చుంటాను" అన్నాడు.

బావమరిది కాగితం తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. "కూర్చుంటే ఏమవుతుందో నువ్వు రాయలేదు బావా."

"ఏమీ కాదు."

"ఏదో ఒకటి చెప్పాలి కదా. నడిపేవాణ్ణి నేను..."

"ఏమీ కాదు అంటున్నానుగా. కూర్చున్నాను. రోజూ కూర్చున్నాను. ఏమీ కాలేదు."

అన్నాక గాని తనేమన్నాడో అతనికి వినపడలేదు.

నీళ్ళు పట్టినవాడు తను. దిండు ఎత్తుగా పెట్టినవాడు తను. మందుల షాపుకి, డాక్టరు దగ్గరికి, మళ్ళీ మందుల షాపుకి తిరిగినవాడు తను. పాచిక ఎంత పడినా కుండ ఖాళీ అయింది తనకే. ఇన్నాళ్ళూ రానివాడి కోసం ఒక గది కడుతున్నాననుకున్నాడు. ఆ గదిలో ఉన్నది రానివాడు కాదు. రానివాడు అసలు ఆ గది మొహమే చూడలేదు.

బావమరిది కాగితాన్ని మడతల మీదే మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో దొంగ లేడు బావా" అన్నాడు. తన తీగబొమ్మని తీసి బల్ల అంచుకి, వార్నిష్ డబ్బా పక్కన, పడిపోతుందేమో అన్నంత చివర నిలబెట్టాడు. "వాడు ఇక్కడ ఉన్నాడు. వీధి మలుపు దగ్గర. కిటికీలో దీపం కనపడేది వాడికి. షాపు మూసి ఇక్కడిదాకా వచ్చేవాడు. ఇక్కణ్ణించే వెళ్ళిపోయేవాడు."

"ఎందుకు?"

"తెలీదు. కాళ్ళు కదిలేవి కావు."

"కాళ్ళు నీవే కదా."

"నావే బావా. కాదనలేదు."

ఏడవలేదు, క్షమించమనలేదు. అడిగితే మేస్త్రీ లేచి షట్టరు పైకెత్తి బయటికి దారి చూపించేవాడే. అడగలేదు గనక కూర్చున్నాడు. కాసేపటికి టీచరు, "ఇవాళ్టికి చాలు. నా రాక్షసికి కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది" అని లేచింది. బావమరిది బొమ్మని వార్నిష్ డబ్బా పక్కనే వదిలి వెళ్ళాడు. కూతురు దాన్ని డబ్బాలో పెట్టబోతే మేస్త్రీ వద్దన్నాడు.

ఆ వారమంతా బల్ల మీద పని ఆ బొమ్మ చుట్టూ జరిగింది. ఒక పంపుసెట్టు మోటారు విప్పేటప్పుడు రెండుసార్లు మోచేయి తగిలి పడబోయింది. రెండుసార్లూ పట్టుకుని నిలబెట్టాడు. కోపం పోయిందా అంటే పోలేదు. ఇనుము ఎక్కడ పడిందో అక్కడే ఉంది. చెయ్యని తప్పు మీదైతే మనిషి కోపం వదిలేస్తాడేమో, చేసిన తప్పు చేసినట్టే ఉంటుంది. కాకపోతే తప్పు వేరు, పరీక్ష వేరు. గాడి కొలవకుండా తీగ వేసిన పనివాణ్ణి ఏమంటారో మేస్త్రీకి తెలుసు. తనని తాను అదే అనుకున్నాడు, గట్టిగానే. పాత కాగితాన్ని సోల్డరింగ్ కడ్డీ తుడవడానికి వాడేశాడు.

శుక్రవారం కూతుర్ని పిలిచి కొత్త కాగితం చేతికిచ్చాడు. "నడుపు. రుచి చూడాలి."

ఆమె నడిపింది. ఒకచోట ఆగి, "ఓడితే ఏమవుతుందో ఇక్కడ రాయలేదే?" అంది.

"రాస్తాను."

"అమ్మ ఏమనేదో గుర్తుంది కదా?"

"నాకు చెప్పకు" అన్నాడు. కానీ విసుక్కోలేదు.

ఆదివారం బావమరిది వస్తాడో రాడో ఎవరికీ తెలియదు. టీచరు షట్టరు వైపే చూస్తూ కూర్చుంది. కూతురు రెండుసార్లు టీ వేడిచేసింది. అందరికంటే ఆలస్యంగా వచ్చాడు. ఈసారి జుట్టు మీద జోకులు లేవు. దువ్వెనా కత్తెరా ఉన్న సంచీ మాత్రం చేతిలో ఉంది. దాన్ని బల్ల కింద పెట్టాడు.

మేస్త్రీ కాగితం తియ్యలేదు. నోటికే వచ్చు.

"వీధి మలుపు" అన్నాడు. "దొంగ నిలబడి ఉన్నాడు. అవతల ఒక ఇల్లు. కిటికీలో దీపం. కుక్క లేదు, కాపలా లేదు, తలుపుకి తాళం లేదు. దొంగిలించడానికి లోపల ఏమీ లేదు. వీధి దాటాలి. అంతే పరీక్ష."

"అంతేనా?" అంది టీచరు. అని, బావమరిది మొహం చూసి నోరు మూసుకుంది.

బావమరిది పాచిక తీసుకున్నాడు. అరచేతిలో చాలాసేపు తిప్పాడు. వేశాడు. అది అట్ట మీద దొర్లి, రాతిమనిషికి తగిలి ఆగింది.

మూడు.

"పోయింది" అన్నాడు బావమరిది మెల్లిగా. "కదల్లేదు బావా."

"కదల్లేదు" అన్నాడు మేస్త్రీ. "మలుపులోనే నిలబడ్డాడు. కాళ్ళు రాలేదు."

కూతురు తండ్రికేసి చూసింది. మేస్త్రీ ఎవరికేసీ చూడలేదు. వేలితో అట్ట మీద పేరుకున్న రాగిరజను పక్కకి తోశాడు.

"అప్పుడు ఆ ఇంటి తలుపు లోపలినించి తెరుచుకుంది" అన్నాడు.

బావమరిది కుర్చీలో ముందుకి వంగాడు.

"ఎవరు తీశారు?"

"తీసినవాళ్ళు తీశారు. నీకెందుకు? వస్తావా, అక్కడే నిలబడతావా?"

బావమరిది తన తీగబొమ్మని రెండు వేళ్ళతో పట్టుకుని, వార్నిష్ డబ్బా పక్కనించి, అట్ట మీదుగా, మెల్లిగా ఇటు జరిపాడు. రాతిమనిషి దాకా వచ్చి ఆపాడు.

"తలుపు వేసి రా" అన్నాడు మేస్త్రీ. "దుమ్ము వస్తోంది."